వర్క్ ఫ్రమ్ హోమ్ టేబుల్‌కి చిన్న స్పీకర్లు ఎలా ఎంచుకోవాలి

స్పీకర్లు కొందామనుకోగానే చాలామంది షాపింగ్ యాప్ తెరిచి ఏది ఎక్కువ వాట్లు, ఏది తక్కువ ధర అని చూడటం మొదలుపెడతారు. అది కాసేపు పక్కన పెట్టి, కొలత టేపు తీసుకుని మీరు పనిచేసే టేబుల్ దగ్గరికి వెళ్లండి. టేబుల్ లోతు ఎంత, వెనక గోడకి ఎంత ఎడం ఉంది, మానిటర్‌కి అటూ ఇటూ ఎంత చోటు మిగిలింది, కుర్చీలో మామూలుగా కూర్చున్నప్పుడు మీ చెవి టేబుల్ మీద నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి. ఏది కొనాలో సగం ఆ కాగితమే తేల్చేస్తుంది. మిగతా సగం మీరు రోజంతా ఏం వింటారన్న దాన్ని బట్టి ఉంటుంది.

కొలతల సంగతి ముందు చూద్దాం. మన ఫ్లాట్లలో ఆఫీసు గది అంటే పదడుగుల గది, లేదంటే బెడ్‌రూమ్‌లో ఒక మూల. టేబుల్ నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, అంటే 120 బై 60 సెంటీమీటర్లు. మధ్యలో 24 అంగుళాల మానిటర్ పెడితే అదే 54 సెంటీమీటర్లు తినేస్తుంది, ఒక్కో పక్క 33 సెంటీమీటర్లు మిగులుతుంది. వెడల్పుకి ఇబ్బంది లేదు, ఇబ్బందంతా లోతుతోనే. స్టూడియో మానిటర్లలో (రికార్డింగ్ స్టూడియోల్లో వాడే స్పీకర్లని కూడా మానిటర్లనే అంటారు) బాగా పేరున్న జేబీఎల్ 305పీ లాంటి, 5 అంగుళాల వూఫర్, అంటే బేస్ పలికించే పెద్ద కోన్ ఉన్న స్పీకర్ దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తు, 23 సెంటీమీటర్ల లోతు ఉంటుంది. దాని వెనక వైర్లకి, పోర్ట్‌కి (బేస్ కోసం డబ్బాకి పెట్టే గొట్టం లాంటి రంధ్రం) గాలి ఆడటానికి ఓ పది సెంటీమీటర్లు వదిలితే టేబుల్ లోతులో సగానికి పైగా పోయింది, స్పీకర్ ముఖం మీ ముక్కు ముందుకి వచ్చి కూర్చుంటుంది. అదే 3.5 లేదా 4 అంగుళాల వూఫర్ ఉన్నవయితే 20 సెంటీమీటర్లకి అటూ ఇటూ లోతులో సరిపోతాయి. అందుకే రెండడుగుల టేబుల్‌కి నేను 4 అంగుళాల దగ్గర ఆగమనే చెప్తాను. టేబుల్ రెండున్నర అడుగుల లోతు ఉంటే, లేదా స్పీకర్లని టేబుల్ వెనక స్టాండ్ల మీద పెట్టుకునే వీలుంటే, అప్పుడు 5 అంగుళాలవి ఆలోచించండి.

"కానీ పెద్ద వూఫర్ అయితే బేస్ బాగుంటుంది కదా" అంటారు. నిజమే, కానీ మీ గది ఆ బేస్‌ని ఏం చేస్తుందో కూడా చూడాలి. పదడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుని 56 హెర్ట్జ్ దగ్గర ఉబ్బుతుంది (హెర్ట్జ్ తక్కువైతే లావు స్వరం, ఎక్కువైతే సన్న స్వరం), ఇది గది కొలతని బట్టి వచ్చే లెక్క, స్పీకర్ ఏ కంపెనీదన్న దానితో దీనికి పనిలేదు. గది సరిగ్గా పది బై పది చదరంగా ఉంటే రెండు జతల గోడలూ ఒకే చోట ఉబ్బిస్తాయి, ఇంకా ఘోరం. ఇలాంటి గదిలో 45 హెర్ట్జ్ దాకా దిగే స్పీకర్ తెచ్చి మూలకి పెడితే బేస్ గిటార్‌లో ఒక్క స్వరం మాత్రం బొమ్మని మోగుతూ మిగతావి వినపడకుండా పోతాయి. పైగా గోడ అవతల పక్క ఫ్లాట్ వాళ్లున్నారు. 60 హెర్ట్జ్ దగ్గర మర్యాదగా ఆగిపోయే చిన్న స్పీకరే అక్కడ శుభ్రంగా వినిపిస్తుంది. సబ్‌వూఫర్, అంటే బేస్ కోసమే ఉండే విడి డబ్బా, దాని ఊసే వద్దు, అది హాల్లో టీవీ దగ్గరికి.

ఇక వాట్లు. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఈ అంకె చూసే. ఒక మామూలు చిన్న స్పీకర్‌కి 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో 85 డెసిబెల్స్ దాకా వస్తుంది. మీరు పనిచేస్తూ వినేది 65, 70 డెసిబెల్స్. 70 కావాలంటే 1 వాట్‌లో ముప్పయ్యో వంతు చాలు. పాటలో మృదంగం దెబ్బో, డ్రమ్ము దెబ్బో ఒక్కసారిగా 20 డెసిబెల్స్ పైకి లేచినా 3 వాట్లకి కాస్త పైన, అంతే. మీరు మీటరు కన్నా దగ్గరగానే కూర్చుంటారు కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి "కొంచెం పెరిగింది" అనిపిస్తుంది అంతే. కాబట్టి ఒక్కో స్పీకర్‌కి 15, 20 వాట్లు ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే వాట్ల లెక్క) ఉంటే టేబుల్ మీద అంతకు మించి ఖర్చయ్యే మాటే లేదు. అట్టపెట్టె మీద వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు అని పీఎంపీవో (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) లెక్కలు కనపడితే ఆ పెట్టె అక్కడే పెట్టేసి రండి. ఆ అంకెకి ఒక ప్రమాణమంటూ లేదు, ఎవరికి తోచింది వాళ్లు వేసుకుంటారు.

అలాగే "50 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్" అని ఉత్తినే రాసి ఉంటే దాన్ని కూడా పట్టించుకోకండి. ఆ రెండు అంకెల మధ్య శబ్దం ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చెప్పాలి. ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ అని పక్కన ఉంటే అది పనికొచ్చే సమాచారం. శబ్దం 10 డెసిబెల్స్ పడిపోయిన చోట, అంటే మైనస్ 10 దగ్గర కొలిచి 50 అని రాసుకునేవాళ్లున్నారు, మైనస్ 3 దగ్గర కొలిచి 65 అని నిజాయితీగా రాసేవాళ్లున్నారు, చూసేవాళ్లకి మాత్రం మొదటిదే గొప్పగా కనపడుతుంది.

ముందు మాట స్పష్టత, తర్వాతే పాట

ఇంట్లో ఆఫీసుకి స్పీకర్లు ఎంచుకోవడానికీ హాల్లోకి ఎంచుకోవడానికీ తేడా ఇక్కడే ఉంది. ఆఫీసు స్పీకర్లలోంచి రోజుకి ఆరేడు గంటలు వచ్చేది మనుషుల గొంతులు. మీటింగులు, ట్రెయినింగ్ వీడియోలు, మధ్యలో వార్తలు. వాల్యూమ్ కూడా తక్కువ. అంటే మీకు కావాల్సింది తక్కువ శబ్దంలో ఒక్క అక్షరం మింగకుండా పలికే స్పీకర్. 1970ల్లో బీబీసీ ఇంజనీర్లు ఎల్ఎస్3/5ఎ అనే చిన్న స్పీకర్ తయారుచేశారు. స్టూడియో బయట జరిగే కార్యక్రమాల ప్రసారానికి వెళ్లే వ్యాన్లో, అంటే మన టేబుల్ మూల కన్నా ఇరుకైన చోట, దగ్గరగా కూర్చుని శబ్దం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి పుట్టింది అది. 30 సెంటీమీటర్ల ఎత్తు, 5 అంగుళాల వూఫర్, పోర్ట్ లేని మూసిన డబ్బా. అందులో గట్టి బేస్ లేదు, పెద్ద శబ్దమూ లేదు. కానీ మనిషి గొంతుని ఎంత సహజంగా పలికిస్తుందంటే ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా జనం దాన్ని వెతుక్కుని కొంటున్నారు. దాని ధర మన పనికి తగినది కాదు గానీ, చిన్న డబ్బాలో ముందు గొంతుని సరిగ్గా పట్టాలన్న ఆ వరస మాత్రం మనం కూడా పాటించాల్సిందే.

గొంతుని పరీక్షించడానికి తెలుగు కన్నా మంచి సాధనం లేదంటాను నేను. షాపులో అయినా, ఇంటికి తెచ్చుకున్నాక అయినా, స్పష్టంగా మాట్లాడే మనిషి గొంతు పెట్టండి, ఆకాశవాణి వార్తలయినా సరే, మంచి ప్రవచనమయినా సరే. కళ్లు మూసుకుని స, శ, ష మూడూ వేరువేరుగా వినపడుతున్నాయా చూడండి. మూడూ కలిసి ఒకే ఈలలాగా వస్తుంటే ట్వీటర్, అంటే సన్న స్వరాలు పలికించే చిన్న కోన్, పైస్వరాల్ని అతిగా గీరుతోందన్నమాట, అలాంటిది రెండు గంటలు వింటే చెవులు నొప్పెడతాయి. ద, ధ తేడా, క, ఖ తేడా తెలుస్తోందా చూడండి. ఒత్తక్షరంలో వచ్చే ఆ ఊపిరి వినపడకపోతే రెండు వేల హెర్ట్జ్ పైన ఎక్కడో శబ్దం మందగిస్తోందని అర్థం, ఎందుకంటే హల్లుల తేడాలు తెలిసేది ఎక్కువగా అక్కడే. మగవాళ్ల గొంతు ఛాతీలోంచి వస్తున్నట్టు కాకుండా డ్రమ్ములోంచి వస్తున్నట్టు ఉంటే 150, 200 హెర్ట్జ్ దగ్గర ఉబ్బు ఉంది. అది స్పీకర్ తప్పయినా కావచ్చు, టేబుల్ తప్పయినా కావచ్చు, దాని గురించి కింద చెప్తాను. ఇదంతా గట్టిగా పెట్టి వినకండి. పక్కన ఒకరు మామూలుగా మాట్లాడుతుంటే వాళ్ల మాట వినపడేంత తక్కువలో పెట్టి వినండి. షాపువాళ్లు గట్టిగా పెట్టి చూపిస్తారు, గట్టిగా పెడితే ఏ స్పీకర్ అయినా కాసేపు బాగున్నట్టే ఉంటుంది.

తక్కువ వాల్యూమ్‌లో ఇంకో సంగతి ఉంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి బేస్‌ని మరీ తక్కువగా వింటుంది, ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. అందుకే రోజంతా తక్కువలో వినేవాళ్లకి బేస్, ట్రెబుల్ తిప్పుకునే నాబ్‌లు ఉన్న స్పీకర్ మేలు. ఎడిఫయర్ ఆర్1280టీ లాంటి వాటికి పక్కనే ఆ నాబ్‌లు ఉంటాయి. స్టూడియో మానిటర్లు కొన్నింటిలో వెనక్కి చేయి పెట్టి వెతుక్కోవాలి. నాబ్ లేకపోయినా కంప్యూటర్లో ఈక్వలైజర్ పెట్టుకోవచ్చు గానీ, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు కదా.

పాట పరీక్ష కూడా చేయండి, కానీ ఒక్కటే, మీకు నోటికి వచ్చిన పాట. కర్ణాటక కచేరీ రికార్డింగ్ అయితే ఇంకా సులువు, మృదంగం ఎడమ వైపు దెబ్బ గుమ్మని వచ్చి ఆగిపోవాలి, సాగిపోకూడదు. వీణ తీగ మీటిన చప్పుడు, తర్వాత వచ్చే నాదం రెండూ విడివిడిగా తెలియాలి. కొత్త పాటలతో పరీక్షిస్తే ఆ పాట మిక్సింగే అలా ఉందో, స్పీకరే అలా ఉందో తేలదు.

యాక్టివా, పాసివా

దీని మీద పెద్ద చర్చ అక్కర్లేదు. ఆఫీసు టేబుల్‌కి యాక్టివ్ స్పీకర్లే, అంటే ఆంప్లిఫయర్ లోపలే ఉన్నవి. ఒక వైరు కరెంటుకి, ఒక వైరు ల్యాప్‌టాప్‌కి, పని అయిపోయింది. పాసివ్ అయితే ఆంప్ విడిగా కొనాలి, దానికి అడాప్టర్, స్పీకర్ వైర్లు, టేబుల్ మీద ఇంకో డబ్బా. ఇప్పటికే మీ దగ్గర మంచి ఆంప్ ఉంటేనో, తర్వాత్తర్వాత ఒక్కో ముక్క మార్చుకునే సరదా ఉంటేనో పాసివ్ తీసుకోండి. యాక్టివ్‌లో ఉన్న ఒకే ఒక్క నష్టం, ఆంప్ పాడయితే స్పీకర్ మొత్తం రిపేరుకి వెళ్లాలి. అందుకే మన ఊళ్లో లేదా దగ్గరి సిటీలో సర్వీస్ సెంటర్ ఉన్న బ్రాండ్ చూసుకోండి, విదేశీ సైట్లో దొరికిన చవకది కాదు.

కనెక్షన్ల విషయంలో మీకు కావాల్సింది ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి వచ్చే ఆక్స్ లేదా ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు గుండ్రటి ప్లగ్‌ల) ఇన్‌పుట్, లేదా నేరుగా యూఎస్‌బీ. కొన్ని స్టూడియో మానిటర్లకి ఎక్స్ఎల్ఆర్, టీఆర్ఎస్ అనే స్టూడియో సామాన్ల ప్లగ్‌లు తప్ప వేరే ఇన్‌పుట్ ఉండదు, వాటికి మధ్యలో ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కీ స్పీకర్లకీ మధ్య పెట్టే డబ్బా) కొనాల్సి వస్తుంది, ఆ ఖర్చు ముందే కలుపుకోండి. ప్రిసోనస్ ఈరిస్ 3.5, ఎడిఫయర్ ఎంఆర్4 లాంటివి ఆర్‌సీఏ, టీఆర్ఎస్ రెండూ ఇచ్చి, ముందు వైపు హెడ్‌ఫోన్ జాక్ కూడా పెట్టాయి. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక వెనక్కి వంగి వైర్లు పీక్కోకుండా హెడ్‌ఫోన్ గుచ్చుకోవడానికి అది ఎంత పనికొస్తుందో వాడితే తెలుస్తుంది.

బ్లూటూత్ ఉంటే మంచిదే, ఫోన్లోంచి పాటలు పెట్టుకోవడానికి. మీటింగులకి మాత్రం వైరే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యం వల్ల మాటకి మాట అడ్డం పడుతుంది. పైగా మీటింగ్ యాప్‌లు మీ స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మీ మైక్‌లోకి వెళ్లకుండా తుడిచేస్తాయి, తాము పంపిన శబ్దం ఎప్పుడు తిరిగొస్తుందో తెలిస్తేనే ఆ పని శుభ్రంగా జరుగుతుంది. వైరుతో వాడినా మైక్ స్పీకర్‌కి ఆనుకుని ఉండకూడదు. ల్యాప్‌టాప్ మైక్ అయితే ల్యాప్‌టాప్‌ని మీ వైపు జరపండి, స్పీకర్లు దానికన్నా వెనక ఉండాలి, వాల్యూమ్ మీ గొంతుని మించకూడదు. అవతలివాళ్లు "మీ మాట తెగిపోతోంది" అంటే ముందు నెట్‌ని తిట్టకుండా స్పీకర్ వాల్యూమ్ తగ్గించి చూడండి. స్పీకర్ గట్టిగా ఉంటే యాప్ దాన్ని తుడిచే ప్రయత్నంలో మీ మాటని కూడా కోసేస్తుంది.

ఇంకొకటి అడిగి తెలుసుకోవాల్సింది, ఆటో స్టాండ్‌బై. కాసేపు శబ్దం రాకపోతే కొన్ని స్పీకర్లు వాటంతట అవే నిద్రపోతాయి, తక్కువ వాల్యూమ్‌లో వింటుంటే శబ్దం ఉన్నా లేదనుకుని ఆగిపోతాయి. మీటింగ్‌లో ఎవరో మీ పేరు పిలుస్తారు, స్పీకర్ లేచేసరికి మొదటి రెండు మాటలు పోతాయి. దాన్ని ఆపే స్విచ్ ఉందో లేదో కొనేముందే మాన్యువల్‌లో చూడండి, చాలా కంపెనీలు మాన్యువల్ నెట్‌లో పెడతాయి.

గుయ్‌మనే శబ్దం, స్స్‌మనే శబ్దం

ఈ రెండింటినీ ఒకటే అనుకోకండి. స్స్‌మని సన్నగా వచ్చేది స్పీకర్ లోపలి ఆంప్‌ది. అరమీటరు దూరంలో కూర్చుంటాం కాబట్టి హాల్లో వినపడనిది టేబుల్ మీద వినపడుతుంది. జేబీఎల్ 305పీ గురించి ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు ఇదే, మిగతా అన్నింట్లో అది చాలా మంచి స్పీకర్. ఎండాకాలం ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే ఈ శబ్దం మీకు తెలియనే తెలియదు, డిసెంబర్లో ఫ్యాన్ ఆపిన రోజు బయటపడుతుంది. షాపులో అసలే తెలియదు. అందుకని ఇంటికి రాగానే రాత్రి ఫ్యాన్, ఏసీ ఆపి, ఏమీ ప్లే చేయకుండా కుర్చీలో కూర్చుని వినండి. కూర్చున్న చోటికి వినపడితే అది మార్చాల్సిన స్పీకర్, అలవాటయిపోతుందని సర్దుకోవద్దు.

గుయ్‌మని లావుగా వచ్చేది కరెంటుది, 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. శబ్దం ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్ దారులు ఒకదానికొకటి కలిసి చుట్టలా ఏర్పడటం, స్పీకర్‌లో లోపం కాదు. ల్యాప్‌టాప్, మానిటర్, స్పీకర్లు మూడూ ఒకే స్పైక్ బస్టర్‌లోకి తెండి, చాలాసార్లు అక్కడితో పోతుంది. పోకపోతే ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బా పెట్టండి, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న స్పీకర్, ఆప్టికల్ అవుట్ ఉన్న కంప్యూటర్ అయితే ఇంకా మంచిది, గాజు తీగలాంటి ఆ వైరులో కరెంటే ఉండదు కాబట్టి లూప్ ఏర్పడదు. ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేస్తే గుయ్ పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు, దయచేసి ఆ పని చేయకండి, షాక్ కొట్టకుండా కాపాడేది ఆ పిన్నే. దానికన్నా ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ గది బోర్డుకి ఎర్తింగ్ అసలు ఉందో లేదో చూపించండి, పాత ఇళ్లలో మూడో రంధ్రం పేరుకే ఉంటుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారినప్పుడు మాత్రమే గుర్రుమంటుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పని. స్పీకర్‌ని మార్చినా ఉపయోగం లేదు. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ వేసుకునేదాకా కరెంటు లేనప్పుడు హెడ్‌ఫోన్ వాడటమే నయం, ఎందుకంటే ఆ గుర్రు వింటూ పనిచేయడం కష్టం, లోపలున్న ట్రాన్స్‌ఫార్మర్‌కి కూడా అది మంచిది కాదు.

అమెరికా నుంచి అన్నయ్యో బావగారో వస్తుంటే అక్కడ చవకని తెప్పించుకునేవాళ్లకి ఒక మాట. స్పీకర్ వెనక లేబుల్ మీద 100-240 అని ఉంటేనే తెప్పించుకోండి. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టిన క్షణంలో ఫ్యూజు, అదృష్టం బాగోకపోతే బోర్డు పోతాయి. కొన్నింటికి 115, 230 మార్చే చిన్న స్విచ్ వెనక ఉంటుంది, ప్లగ్ పెట్టకముందే మార్చాలి. లేబుల్ ఫొటో తీసి పంపించమని ముందే అడగండి, మొహమాటపడకండి. వారంటీ కూడా చాలావరకు కొన్న దేశంలోనే చెల్లుతుంది.

పెట్టే చోటు

పదివేల స్పీకర్‌ని సరిగ్గా పెడితే, నిర్లక్ష్యంగా పెట్టిన పాతికవేల స్పీకర్ కన్నా బాగా వినపడుతుంది, ఈ మాట నమ్మకంగా చెప్పగలను. రెండు స్పీకర్ల మధ్య దూరం, ఒక్కోదానికీ మీ తలకీ మధ్య దూరం, మూడూ సమానంగా ఉండాలి. 70, 80 సెంటీమీటర్లు మంచి కొలత. ముఖాలు రెండూ మీ వైపు తిరిగి ఉండాలి. మానిటర్ వెనక దాక్కోకూడదు, స్పీకర్ ముఖం మానిటర్ ముఖానికి సమంగానో కాస్త ముందుకో ఉండాలి.

ఎత్తు సంగతి అందరూ వదిలేస్తారు, అసలు కీలకం అదే. స్పీకర్‌ని నేరుగా టేబుల్ మీద పెడితే ట్వీటర్ 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, మీ చెవి 40 దగ్గర. మీరు 70 సెంటీమీటర్ల దూరంలో ఉన్నారనుకోండి. నేరుగా వచ్చే శబ్దం 73 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది, టేబుల్ మీద పడి ఎగిరి వచ్చేది 92. ఆ 19 సెంటీమీటర్ల తేడా వల్ల దాదాపు 900 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, సరిగ్గా మాట ఉండే చోట గుంట పడుతుంది. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండటానికి సగం కారణం ఇదే. దీనికి మందు ట్వీటర్‌ని చెవి ఎత్తుకి తేవడం, అంత ఎత్తు కుదరకపోతే స్పీకర్‌ని వెనక్కి వాల్చి ట్వీటర్ మీ చెవి వైపు చూసేలా చేయడం. అప్పుడు నేరుగా వచ్చేది బలంగా, టేబుల్ మీద పడేది బలహీనంగా ఉంటాయి. మంచి మెటల్ స్టాండ్లు కొనొచ్చు, లేదా గ్రానైట్ షాపులో మిగిలిన ముక్కలు రెండు తెచ్చి, కింద పాత యోగా మ్యాట్ ముక్కలు వేసి, ముందు వైపు కొంచెం ఎత్తు పెట్టినా పని జరుగుతుంది. గ్రానైట్ బరువుకి కదలదు, మ్యాట్ వల్ల స్పీకర్ వణుకు టేబుల్‌కి పాకదు. టేబుల్ మీద గుడ్డ పరిస్తే పైస్వరాల తళుకు కొద్దిగా తగ్గుతుంది గానీ ఈ గుంట పోదు.

టేబుల్ దగ్గరితనం వల్ల 200 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉబ్బు కూడా వస్తుంది. జెనెలెక్ 8010 లాంటి ఖరీదైన చిన్న మానిటర్లలో దీనికోసమే డెస్క్‌టాప్ స్విచ్ ఉంటుంది, అక్కడ 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది. యమహా హెచ్ఎస్5లో 500 హెర్ట్జ్ కింద తగ్గించే రూమ్ కంట్రోల్ ఉంది. మీ దాంట్లో అలాంటిదేదయినా ఉంటే కచ్చితంగా వాడండి. లేకపోతే బేస్ నాబ్ ఒక గీత తగ్గించండి.

వెనక పోర్ట్ ఉన్న స్పీకర్‌ని గోడకి ఆనించొద్దు, కనీసం ఒక జానెడు ఎడం. టేబుల్ గోడకి అతుక్కునే ఉంటుంది, జరపలేం అనుకుంటే ముందు పోర్ట్ ఉన్నది గానీ మూసిన డబ్బా గానీ చూసుకోండి. గోడ అలమరలో పుస్తకాల మధ్య పెట్టాల్సి వస్తే స్పీకర్ ముఖం అర అంచుదాకా ముందుకి రావాలి, లోపలికి తోస్తే పక్క చెక్కలు కూడా పాడటం మొదలుపెడతాయి. ఆ అరలో ఖాళీ లేకుండా చుట్టూ పుస్తకాలు కూరండి, శబ్దానికి పుస్తకాలు చాలా మంచివి.

టైల్స్ నేల, ఖాళీ గోడలు, ఒక టేబుల్, ఒక కుర్చీ ఉన్న గదిలో ఏ స్పీకర్ అయినా ఖంగుమంటుంది. చప్పట్లు కొట్టి చూడండి, చివర్లో ఒక లోహపు తోక వినపడితే గదికి గుడ్డ కావాలి. కిటికీకి మందపాటి కర్టెన్, కింద ఒక జంపఖానా, మీ వెనక గోడకి బట్టల అలమర, లేదంటే మంచం మీద బొంతలు. స్పీకర్ మీద ఇంకో ఐదు వేలు పెట్టేకన్నా ఈ పని చేయడం మేలు. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉండేవాళ్లు వూఫర్ చుట్టూ ఉండే అంచు ఫోమ్ కాకుండా రబ్బరుదయితేనే తీసుకోండి, ఫోమ్ కొన్నేళ్లకి పొడి పొడిగా రాలిపోతుంది.

ఎంత పెట్టాలి, ఎక్కడ కొనాలి

ధరలు నెలనెలా మారతాయి, పండగ సేల్స్‌లో ఇంకా మారతాయి, అందుకని మోడల్ పక్కన రేటు వేయను. నా లెక్కలో ఎనిమిది నుంచి పదిహేను వేల లోపు జత ఈ పనికి సరైన చోటు, 3.5, 4 అంగుళాల మంచి యాక్టివ్ స్పీకర్లు అక్కడే ఉంటాయి. మాటలు, మీటింగులు, అప్పుడప్పుడూ పాటలు అయితే అంతకు మించి అవసరం లేదు. అంతకన్నా బాగా తక్కువ ధరవయితే చాలావరకు ఒకే చిన్న కోన్ ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు, ట్వీటర్ విడిగా ఉండదు. అలాంటి దానికన్నా మంచి హెడ్‌సెట్ నయం. వీడియో ఎడిటింగో, డబ్బింగో, మ్యూజిక్ పనో చేసేవాళ్లయితే 5 అంగుళాల మానిటర్లు, ఇంటర్‌ఫేస్ కలిపి పాతిక, ముప్పై వేల పైన వేసుకోండి. స్టూడియో మానిటర్ల ధర చూసేటప్పుడు అది జతకా, ఒక్కదానికా అన్నది రెండుసార్లు చదవండి, చాలావాటిని విడివిడిగా అమ్ముతారు.

హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీకి ఒకసారి వెళ్లి రండి, మీ ఫోన్లో మీ పాట, మీ వార్తల క్లిప్ పెట్టుకుని, జాక్ వైరు మీదే పట్టుకెళ్లి. వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే రద్దీ తక్కువ, షాపువాళ్లు ఓపిగ్గా వినిపిస్తారు. జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు మీద షాపు ముద్ర లేకుండా బయటికి రావద్దు. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి, రిటర్న్ గడువు ముగిసేదాకా అట్టపెట్టె, లోపలి థర్మకోల్ దాచండి. ఆ గడువులో చేయాల్సినవి, మొదటి రాత్రే ఫ్యాన్ ఆపి స్స్ వినడం, ఛార్జర్ పెట్టీ తీసీ గుయ్ వినడం, వాల్యూమ్ బాగా తక్కువలో పెట్టి రెండు పక్కలా సమానంగా వస్తోందో లేదో చూడటం (చవక వాల్యూమ్ నాబ్‌లలో తక్కువ దగ్గర ఒక పక్క ముందు పలుకుతుంది), తర్వాత ఒక పూర్తి పనిదినం మీటింగులన్నీ వాటిమీదే వినడం. వాల్యూమ్ ఎంత ఉండాలో తెలియకపోతే ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకోండి. వారానికి 40 గంటలు వినేవాళ్లకి 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, టేబుల్ మీద మీకు 65, 70 చాలు. ఆ పనిదినం సాయంత్రం వాల్యూమ్ నాబ్ పొద్దున ఉన్న చోటనే ఉంటే స్పీకర్లు ఉంచేసుకోండి. గంటగంటకీ పెంచుకుంటూ పోయారంటే మాట సరిగ్గా అందడం లేదన్నమాట, ఎత్తు, ముఖం తిప్పిన కోణం ఇంకోసారి సరిచూసుకుని, అప్పటికీ అంతే అయితే గడువు లోపలే వెనక్కి పంపేయండి.